మాజీ గారి మీద కంప్లైంట్ ఎవరికివ్వాలి?

బెంగళూరులో మా వీధి చివర ఉగాదికి కట్టిన ఫ్లెక్సీ ఇంకా తీయలేదు. చేతులు జోడించి నవ్వుతున్న మా కార్పొరేటర్, కింద కన్నడలో 'పాలికె సదస్యరు', అంటే కార్పొరేషన్ సభ్యులు, అని అరచేతంత అక్షరాలు, దాని ముందు 'నికటపూర్వ' అని చీమ తలకాయంత. మొన్నటిదాకా ఉన్నవాడు అని అర్థం. ఎంత మొన్న అంటే, 2015లో ఓట్లేశాం, 2020 సెప్టెంబర్ 10తో పదవీకాలం అయిపోయింది, ఐదేళ్ళు దాటినా బెంగళూరుకి మళ్ళీ ఎన్నికలు రాలేదు. 2025 సెప్టెంబర్‌లో ఊరిని ఐదు కార్పొరేషన్లు చేశారు కాబట్టి, ఆయన సభ్యుడిగా ఉన్న ఆ పాలికే ఇప్పుడు లేదు!

పోయిన నెల మేడ మీద ఒక గది వేద్దామని లోడు ఇసుక దింపించాం. లారీ ఇంకా వెనక్కి తిరగలేదు, బండి మీద ఇద్దరు కుర్రాళ్ళు వచ్చారు. ఒకడు గేటు దగ్గరున్న ఇసుకని చెప్పుకాలితో రోడ్డు మీదకి ఎగదోసి, మేమే రోడ్డు మీద పోసినట్టు దానికి ఫోటో తీశాడు. రెండోవాడు మా నాన్నతో, తెలుగులోనే, "అన్నని ఒకసారి చూసి రండి అంకుల్, ఇరవై వేలతో అయిపోతుంది" అన్నాడు. "ఏ హోదాలో అడుగుతున్నారు బాబూ" అన్నందుకు డెబ్బై ఏళ్ళ మనిషిని వీధిలో పట్టుకుని అనరాని మాట అన్నారు. డబ్బు సంగతి తర్వాత, ఆ మాట దగ్గరే నాకు ఒళ్ళు మండింది.

వార్డు ఆఫీసుకి వెళ్ళాను. "ఆయన ఇప్పుడు కార్పొరేటర్ కాదు కదండీ, మేమేం చర్య తీసుకుంటాం" అన్నారు అక్కడి ఇంజనీరు గారు. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడి "హేళి అన్నా" (చెప్పండి అన్నా) అన్నారు. అవతల ఎవరో నేను చెప్పక్కర్లేదు.

చూశారా, కంప్లైంట్ ఇస్తే మాజీ, పని పడితే హాజరు. పదవిలో ఉన్నవాళ్ళ మీదైతే ఫారం నింపి, అఫిడవిట్ పెట్టి లోకాయుక్తకి ఇవ్వొచ్చు. పదవి లేకుండానే పెత్తనం చేసేవాడిని ఏ ఫారంలో రాయాలి? అయితే తప్పంతా ఆయనదే అంటే అబద్ధమే. మోరీ పొంగినా, కావేరి నీళ్ళు రాకపోయినా వీధి మొత్తం ఫోన్ చేసేది ఆయనకే, నేనూ చేశాను. కుర్చీ పోయినా మనమే కూర్చోబెట్టాం.

లాయరైన మా బావ ఒక మాట చెప్పాడు. పదవి లేనివాడు బెదిరించి డబ్బడిగితే అది లంచం కేసు కాదు, భారతీయ న్యాయ సంహిత 308 కింద బెదిరించి డబ్బు గుంజే నేరం, ఎఫ్ఐఆర్ కట్టాల్సిందే అని. స్టేషన్‌లో మాత్రం మాట తూలినందుకు ఎన్‌సీఆర్ (ఎఫ్ఐఆర్ కట్టకుండా ఫిర్యాదు రాసుకున్నట్టు ఇచ్చే కాగితం) ఒకటి చేతిలో పెట్టి పంపారు. డబ్బడిగిన ముక్క అందులో లేనే లేదు.

సోమవారం పొద్దున పది గంటలకి మళ్ళీ స్టేషన్‌కి వెళ్తున్నా. ఎదురింటివాళ్ళ సీసీ కెమెరాలో ఆ చెప్పుకాలు పడింది, పెన్‌డ్రైవ్‌లో వేయించాను. బోరు వేసినప్పుడో, గోడ కట్టినప్పుడో మిమ్మల్నీ ఇలాగే అడిగుంటే ఇన్‌బాక్స్‌లో గొణగడం కాదు, వచ్చి పక్కన నిలబడండి. కాఫీ నాది.