అడాప్టర్ అనే దుబాసికి పర్లాకిమిడి నుంచి

మహారాజశ్రీ అడాప్టర్ గారికి,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామనుకున్నాను. కానీ నీకున్న ఉభయాల్లో ఒక వైపు కరిగింది, రెండో వైపు నల్లబడింది, కాబట్టి కుశలం సంగతి వదిలేద్దాం. గారు అన్నది కూడా కవరు మీదికే, లోపల నువ్వే.

మాది పర్లాకిమిడి. 1936లో గీత గీసి మమ్మల్ని ఒడిశాలో కలిపారు, పక్కనున్న పాతపట్నం అవతలే ఉండిపోయింది. ఇక్కడ కూరగాయల బేరం తెలుగులో మొదలై ఒడియాలో తెగుతుంది, చిల్లర మళ్లీ తెలుగులో లెక్కపెడతారు, మధ్యలో దుబాసి అన్నవాడు ఉండడు. అలాంటి ఊళ్లో ఉంటూ, అడుగున్నర పొడవున్న రిమోట్ కారుకి ముగ్గురు దుబాసీలను పెట్టుకున్నది నేనొక్కణ్ణే. ఆ ముగ్గురూ నువ్వే.

ఎలా దాపురించావో గుర్తుందా? కారుతో పాటు వచ్చిన స్పీడ్ కంట్రోలర్‌కి, అదే మోటారుకి ఎంత కరెంటు పంపాలో చూసుకునేదానికి, తెల్ల ప్లగ్గు. పాతపట్నం నుంచి మా బావ తెచ్చిన లైపో బ్యాటరీకి ఎక్స్‌టీ60 అనే పసుప్పచ్చ ప్లగ్గు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఛార్జర్‌కేమో ఒక రేకు నిలువుగా ఒక రేకు అడ్డంగా ఉండే ఎర్ర టీ ప్లగ్గు. ఎవరి ముఖం ఎవరూ చూడరు. అప్పుడు నువ్వొచ్చి, ఒక మూతికి ఒక రకం ప్లగ్గు, రెండో మూతికి ఇంకో రకం పెట్టుకుని, పెళ్లిళ్ల పేరయ్యలాగా, వాళ్లకీ వీళ్లకీ నేను చూసుకుంటానన్నావు. ధర తక్కువే కదా అని ఒకటి కాదు, అరడజను తెప్పించాను.

మా తాత చెప్పేవాడు, నౌపడలో దిగి పెద్ద బండి వదిలి చిన్న బండి ఎక్కితే గానీ మా ఊరు వచ్చేది కాదట. 1900లో మా రాజావారు వేయించిన నేరోగేజ్ లైను అది, పట్టాల మధ్య రెండున్నర అడుగులే. మూటలు దించి, మోసి, మళ్లీ ఎక్కించి, అందులో సగం చిరాకు, సగం చిరిగిన మూటలు. నౌపడ అంటే నువ్వేనన్నమాట, రైల్వే వాళ్ల అడాప్టర్. వాళ్లకైనా బుద్ధొచ్చి 2011కల్లా గుణుపూర్ దాకా బ్రాడ్‌గేజ్ చేసేశారు. ఇప్పుడు విశాఖపట్నంలో ఎక్కినవాడు గుణుపూర్ దాకా దిగక్కర్లేదు. నా కారులో కరెంటు మాత్రం ఇంకా నౌపడలో దిగుతూనే ఉంది.

తెల్ల ప్లగ్గుని తిడితే పాపం. సిల్వర్ క్యాన్ మోటారుకి, ఆ పాత రెండు తీగల బ్రష్డ్ మోటారుకి, అది సరిపోయింది. దాని లోపలివి మడిచిన పల్చటి రేకులు, నాలుగుసార్లు పెట్టి తీస్తే వదులవుతాయి, అయినా ఓర్చుకుంది. నేనే దాని నెత్తిన, అంతకన్నా ఎక్కువ కరెంటు లాగే బ్రష్‌లెస్ మోటారు ఎక్కించాను. ఎక్కించి, బ్యాటరీకీ దానికీ మధ్య నిన్ను పెట్టి, ఎండాకాలం మహేంద్రతనయ ఇసుకలోకి దింపాను. ఇసుకలో చక్రం కూరుకుపోతే మోటారు ఎంత కరెంటు లాగుతుందో తెలిసీ ట్రిగ్గర్ వదల్లేదు. బావ ముక్కు ఎగబీల్చి, "ఏటి బావా, కారు నడుపుతున్నావా, పొయ్యి రాజేస్తున్నావా?" అన్నాడు. మూత తీసి చూస్తే నీ తెల్ల మూతి మెత్తబడి పక్కకి వాలిపోయి ఉంది, చల్లారాక పీకితే రాలేదు. చివరికి కత్తిరించాల్సి వచ్చింది. అదీ ఒక్కో తీగా విడివిడిగా, ఎందుకంటే బ్యాటరీ తగిలించి ఉన్నప్పుడు రెండు తీగలూ ఒకేసారి కత్తిరిస్తే కట్టరే షార్ట్ చేస్తుంది, ఇక దీపావళే.

నీ లెక్క కూడా చూద్దాం. ఇన్ని జాయింట్లూ కలిపి 0.01 ఓము అడ్డం పడ్డాయనుకో, 30 ఆంపియర్లు లాగితే 9 వాట్లు. మా వరండాలో వెలిగే ఎల్ఈడీ బల్బు 9 వాట్లు, అది వీధి సగం దాకా వెలుతురిస్తుంది. నువ్వు అంతే కరెంటు తిని కంపు ఇస్తావు. 60 ఆంపియర్లయితే రెట్టింపు కాదు, నాలుగింతలు, 36 వాట్లు.

ఇంకో నేరం ఉంది, అది మర్చిపోను. ఆ అరడజనులో ఒకదానికి లోపల ఎరుపూ నలుపూ తారుమారు. పైకి అన్నీ ఒకేలా ఉన్నాయి. తగిలించగానే స్పీడ్ కంట్రోలర్ చిటుక్కుమంది, దాని ఆయుష్షు అంతే. మోటారు వైపు ఇంత పట్టింపు లేదు చూడు, సెన్సర్ లేని బ్రష్‌లెస్‌కి మూడు తీగల్లో ఏ రెండు మార్చినా వెనక్కి తిరుగుతుందంతే, మళ్లీ మారిస్తే ముందుకి. అక్కడ బుల్లెట్ కనెక్టర్లు, ఒకదాంట్లో ఒకటి దూరే గుండ్రటి పిన్నులు, చాలు, 4 మిల్లీమీటర్లవి అటూ ఇటూ ఒకే సైజువి. 3.5ని 4లోకి దూర్చి, వదులని రేకు చుట్టి మేనేజ్ చేసినవాడి కథ ఇంకోసారి చెప్తాను. (వాడు నేనే.)

సరే, విషయానికొస్తా. నిన్ను తీసేశాను. ఇంట్లో ఉన్న ప్రతి బ్యాటరీకీ, ఛార్జర్‌కీ, కారుకీ ఎక్స్‌టీ60 వేసేశాను. పేరులోనే 60 ఆంపియర్లని చెప్పుకుంటుంది, అందులో సగం నిజమైనా నాకు చాలు. తిరగేసి పెడదామన్నా దూరదు, దాని మూల అలా చెక్కారు. టంకం మాత్రం అంత తేలిక కాదు. 25 వాట్ల ఐరన్ ఆ లావు తీగ ముందు చలికి వణికింది, 60 వాట్లది అరువు తెచ్చాను. వేడికి ప్లాస్టిక్ మెత్తబడి పిన్నులు పక్కకి జరగకుండా జోడీ ప్లగ్గుని తగిలించి ఉంచి అతికించాను. అంతా అయ్యాక చూస్తే, అతికించకముందే తీగకి ఎక్కించాల్సిన ప్లాస్టిక్ స్లీవ్ తొడగడం మర్చిపోయాను. మళ్లీ విప్పాను. రెండో బ్యాటరీకీ మర్చిపోయాను.

నిన్న సాయంత్రం బావ వచ్చాడు, కొత్త బ్యాటరీ కొన్నాడట. సంచిలోంచి నీలం ప్లగ్గు తొంగి చూసింది. "ఆ అడాప్టర్ ఉండాలి కదేటి?" అన్నాడు. లోపలికి కేకేసి టీ పెట్టమన్నాను. నేను ఐరన్ పెట్టాను.

ఇట్లు,
నీ మాజీ యజమాని