పార్కింగ్ గారి దివ్యసముఖానికి

మహారాజశ్రీ పార్కింగ్ గారికి,

నెల్లూరు రంగనాయకులపేట నుంచి ఒక స్కూటరు ఆసామి నమస్కరించి రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. తమరు క్షేమంగా, విశాలంగా ఉన్నారని మినీ బైపాస్ వైపు వెళ్లినప్పుడల్లా కళ్లారా చూస్తూనే ఉన్నాను. బాగోలేనిది మా కడుపుల సంగతే.

మా ఊళ్లో చుట్టాలొస్తే ఎక్కడ భోంచెయ్యాలో ఇప్పుడు తమరే ఖాయం చేస్తున్నారు. ఒకప్పుడు ఆ పెత్తనం ముక్కుది. సందు మలుపులో పులుసు వాసన తగిలితే కాళ్లు వాటంతటవే అటు తిరిగేవి. ఆ తర్వాత పక్కింటాయన మాట చెల్లింది. మొన్నమొన్నటిదాకా ఫోన్లో చుక్కలు రాజ్యమేలాయి. తమరి ముందు అవెంత? నాలుగున్నర చుక్కల మెస్సయినా సరే, "కారు పెట్టుకునేదానికి చోటుందా?" అని ఒక్క మాట అడిగితే చతికిలబడాల్సిందే.

మొన్న మా బావగారు బెంగుళూరు నుంచి సకుటుంబంగా కొత్త కార్లో దిగారు. కారంటే కారు కాదు, నాలుగు చక్రాల కల్యాణ మండపం. వారం ముందు నుంచీ ఫోన్లో ఒకటే పాట. "ఈసారి పాత ఊళ్లోనే తినాలబ్బయా. ఏసీ లేకపోయినా పర్లేదు, బల్లలు ఊగినా పర్లేదు, అసలైన చేపల పులుసు తినాలి." నాకు ప్రాణం లేచొచ్చింది. తల్పగిరి రంగనాథస్వామి దర్శనం చేసుకుని, పెన్నను చూసుకుని గుడి బయటికి వచ్చేసరికి అందరికీ ఆకలి దంచేస్తోంది. నాకు తెలిసిన మెస్సుకు అక్కడి నుంచి నడిచిపోవచ్చు. ఆ పూట వాళ్ల దగ్గర బొమ్మిడాయిల పులుసు. "నడిచిపోదాం రండి బావా" అన్నాను.

"మరి కారు?" అన్నారాయన.

అంతే, తమరు వేంచేశారు.

సంతపేట, చిన్నబజారు, ట్రంకు రోడ్డు, మళ్లీ సంతపేట. "ఇచ్చట వాహనములు నిలుపరాదు" అని గోడ మీద ఎంత పెద్ద అక్షరాలుంటే దానికింద అన్ని బండ్లు. ఒకచోట సగం కారు దూర్చామో లేదో, అరుగు మీది పెద్దావిడ బియ్యం చేట పక్కన పెట్టి లేచింది. "ఏందబ్బయా, వాకిట్లో పెడితే మేమెట్ట బయటికి రావాల?" న్యాయమైన ప్రశ్న. మూలాపేటకు పోయాం. 1946లో పొట్టి శ్రీరాములు గారు దళితులకు గుడి ప్రవేశం కావాలని ఆ పేటలోని వేణుగోపాలస్వామి ఆలయం కోసం నిరాహార దీక్ష పట్టారు. ఆయన దీక్షకొక అర్థముంది, ఫలితముంది. అదే పేటలో కారద్దాలు బిగించుకుని రెండున్నరదాకా మేం పట్టిన దీక్షకు ఏముందో తమరే సెలవివ్వాలి.

చివరికి నేనొక్కణ్ణే దిగి మెస్సుకు పరిగెత్తాను. ఓనరు అప్పటికే దాక వంచి అడుగు గీకుతున్నాడు. "అయిపోయిందన్నా. పప్పూ రసం ఉండాది, పెట్టమంటావా?" అన్నాడు. వాళ్లు ఎంత చేప తెస్తే అంతే వండుతారు. అయిపోతే అయిపోయినట్టే. ఫ్రీజరు లేని హోటలుకు ఉండే మర్యాద అది.

ఇక తమరి ఆస్థానానికి రాక తప్పలేదు. ఈల వేసే యూనిఫాం మనిషి, "రానీ రానీ... లెఫ్ట్ కొట్టండి సార్... చాలు" అని ఆదరించి, చివర్లో ఒక సెల్యూటు. బావగారి మొహం అప్పుడు వెలిగింది చూడండి, స్వామి దర్శనంలో కూడా అంత వెలగలేదు. ఎండలో కారుకు గొడుగులాంటి రేకు, చుట్టూ జాగా. లోపల మనుషులకు మాత్రం మోచేతులు తగిలేటంత దగ్గర కుర్చీలు. పెళ్లి ఆల్బమంత మెనూ. అందులో పనీర్ బటర్ మసాలాకూ డ్రాగన్ చికెన్‌కూ మధ్య ఇరుక్కుని "నెల్లూరు చేపల పులుసు (స్పెషల్)". వచ్చింది. ఎర్రటి చిక్కటి గ్రేవీ, పైన కొత్తిమీర, రెండు చుక్కల మీగడ. పులుసు మీద మీగడ! వేయించిన ముక్క అప్పుడే తెచ్చి పడేశారు కాబోలు, పులుసుకూ చేపకూ ఇంకా పరిచయం కాలేదు.

తమరికి తెలియకపోవచ్చు గనక చెబుతున్నాను. చేపల పులుసంటే చింతపండు పిసికి, మామిడికాయ ముక్కలేసి, వెడల్పాటి దాకలో కాచేది. ముక్క వేశాక గరిటె పెట్టరు, విరిగిపోతుంది. గుడ్డతో దాక అంచులు పట్టుకుని అటొకసారి ఇటొకసారి కుదుపుతారు. రాత్రి దించి మూత పెడితే, తెల్లారి నూనె పైకి తేలి, పులుపు ముక్కలోకి దిగి ఉంటుంది. దానికి కావలసింది ఒక రాత్రి నిద్ర. తమరి వంటింట్లో దానికి దొరికింది ఆర్డరుకూ బిల్లుకూ మధ్య ఖాళీ.

అలాగని పాత సందులన్నీ అమృతభాండాలేమీ కాదు. "పాత" అని బోర్డు పెట్టుకున్నంత మాత్రాన దోశ బాగుండదు. కారం దోశ అడిగితే మిరప్పొడి జల్లి ఇచ్చే చోట్లూ నేనెరుగుదును. కానీ అక్కడ ఎంచుకోవడానికి మాకొక లెక్క ఉండేది. ఒంటిగంటకు ఆచారి వీధి బంగారం షాపుల గుమస్తాలు ఎక్కడ కూర్చున్నారు? రెండో వడ్డన అడుగుతున్నారా, చెయ్యి కడుక్కుంటున్నారా? బయట చెప్పులెన్ని? చెప్పులు చూసి హోటలు ఎంచుకున్నవాళ్లం మేం. టైర్లు చూసి ఎంచుకోవడం తమరు నేర్పారు.

ఈ పేటలు తమరిని దృష్టిలో పెట్టుకుని కట్టినవి కావు, అదే వాటి నేరం. గుడికీ, యేటికీ, సంతకూ మనుషులు నడుస్తుంటే ఆ నడకల వెంట వీధులు పడ్డాయి. స్వామివారి రథం కూడా బ్రహ్మోత్సవాల్లో వీధిలోకొచ్చి, అందరితో లాగించుకుని, తిరిగి తన చోటికి పోతుంది. మా రథాలేమో ఏడాది పొడుగునా వీధిలోనే ఉంటాయి, లోపల ఒక్కడే ఉంటాడు. ఇంకో సంగతి మనవి చేస్తాను. 13వ శతాబ్దంలో మనుమసిద్ధి కొలువులో ఉన్న తిక్కన భారతాన్ని విరాటపర్వం దగ్గర అందుకుని 15 పర్వాలు తెలుగు చేశాడు. అంటే ఈ ఊరు పద్యం ఎత్తుకోవడమే భీముడు గరిటె పట్టిన కథతో ఎత్తుకుంది. ఆ వలలుడే ఇప్పుడొచ్చి మూలాపేట సందులో మెస్సు పెట్టాడనుకోండి. "వంట అద్భుతం, పార్కింగ్ లేదు, ఒక స్టార్" అని రాసి బైపాస్‌కు పోతాం.

కనక తమరికి నా మనవి. పాత ఊళ్లోకి రమ్మని పిలవను. వస్తే అరుగులు కొట్టేసి, ఉన్న మెస్సు పడగొట్టి, ఆ జాగాలో కార్లు నిలిపి, "ఇక్కడ ఒకప్పుడు పులుసు బాగుండేది" అని చెప్పుకుంటాం. గుడికి దూరంగా ఏదన్నా ఖాళీ స్థలంలో తమరు స్థిరపడి, అక్కడి నుంచి సందుల్లోకి ఆటోలు నడిస్తే చాలు. మా బావగారు జిమ్ములో మిషను మీద గంట నడుస్తారు, సంతపేటలో ఫర్లాంగు నడవలేరా?

ఈలోగా ఒక చిన్న సాయం. వచ్చే ఆదివారం హైదరాబాదు నుంచి మా పెదనాన్న కొడుకులు రెండు కార్లలో వస్తున్నారు. వాళ్లూ అసలైన పులుసే తింటారట. తమరు ఏ హోటలు ఖాయం చేశారో శనివారానికల్లా కబురంపితే, నేను పదకొండున్నరకే సందులో కడుపునిండా తినేసి, అక్కడికొచ్చి వాళ్ల పక్కన కూర్చుని మజ్జిగ తాగుతాను.

ఇట్లు,
తమరి దయకు నోచుకోని ఒక స్టాండు స్కూటరు యజమాని,
రంగనాయకులపేట, నెల్లూరు