భద్రంగా ఉన్న బ్యాకప్

మా బావగారి ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్ ఒక టెరాబైట్‌ది. కంప్యూటర్ మాత్రం దాన్ని 931 గిగాబైట్లుగానే చూపిస్తుంది. కిలో, మెగా, గిగా అంటూ ఎక్కే ఒక్కో మెట్టుకూ తయారీదారు వెయ్యి చొప్పున లెక్కిస్తే విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుందని ఎన్నిసార్లు చెప్పినా, మిగిలిన 69 ఎవరో నొక్కేశారన్న అనుమానం ఆయనకు నేటికీ పోలేదు. ఉన్నదాంట్లోనైనా ఒక్క బైటు వృథా కాకూడదన్న పట్టుదల బహుశా అక్కడే పుట్టింది.

డిస్క్‌ను రెండు పార్టిషన్లుగా, అంటే విడివిడి భాగాలుగా, విభజించి ఉంచారు. ముందు 200 గిగాబైట్ల చిన్న పార్టిషన్, దాని తర్వాత కుటుంబం ఫొటోలన్నీ ఉన్న పెద్ద పార్టిషన్ ఉండేవి. చిన్నదాన్ని తీసేసి, ఆ జాగాను పెద్దదానిలో కలపాలని ఆయన సంకల్పించారు. విండోస్ ఒప్పుకోలేదు. పార్టిషన్‌ను పెంచాలంటే దానికి ఆనుకొని కుడివైపున ఖాళీ ఉండాలి. ఈయన ఖాళీ ఎడమవైపున ఉంది. "ఖాళీకి కూడా కుడి ఎడమలేమిటయ్యా!" అని విసుక్కొని, పార్టిషన్‌ను ఎడమకు జరపగల వేరే సాఫ్ట్‌వేర్ తెచ్చారు. అది లోపలి సమాచారాన్నంతా కొంచెం కొంచెంగా చదువుతూ, ముందుకు తెచ్చి మళ్లీ రాస్తుంది. గంటల తరబడి సాగే ఆ పని మధ్యలో కేబుల్ కదిలిందంటే సగం పాత చోటా సగం కొత్త చోటా మిగిలి, ఏ సగమూ దేనికీ చెందకుండా పోతుంది. ముందుగా బ్యాకప్ తీసుకోమని ఆ సాఫ్ట్‌వేరే హెచ్చరించింది. "నిన్ననే తీశాను" అని బావగారు తెరకు బదులు చెప్పి మరీ బటన్ నొక్కారు.

పని సగం దాటాక, అది ఎంత చక్కగా సాగుతోందో అక్కయ్యకు చూపించాలన్న ఉత్సాహంతో ఆయన ల్యాప్‌టాప్‌ను ఎత్తి ఆమె వైపు తిప్పారు. కేబుల్ ఊడింది. తిరిగి గుచ్చగానే, ఈ డిస్క్‌ను వాడాలంటే ఫార్మాట్ చేయాలి (అంటే ఉన్నదంతా చెరిపి కొత్తగా సిద్ధం చేయాలి), చేయమంటారా అని విండోస్ ఎంతో మర్యాదగా అడిగింది. (ఇంతటి ఘోరాన్ని ఇంత మర్యాదగా అడగడం దానికే చెల్లింది.) నేను మౌస్ లాక్కున్నాను.

"బ్యాకప్ ఉందన్నారుగా, ఎక్కడుంది?" అంది అక్కయ్య.

"అందులోనే. 'భద్రం' అనే ఫోల్డర్‌లో."

ఫైళ్ల మొదట్లో ఉండే ఆనవాళ్లను బట్టి వాటిని వెలికితీసే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రామ్‌ను ఆశ్రయించక తప్పలేదు. వెలికితీసినవాటిని అదే డిస్క్‌లో రాస్తే ఇంకా దొరకనివి చెరిగిపోతాయి కనుక, ఏ ఖర్చు తప్పించుకోవడానికి బావగారు ఇదంతా తలపెట్టారో ఆ రెండో డిస్క్‌ను అదే రోజు కొనవలసి వచ్చింది. ఫొటోలు వచ్చాయి. పేర్లు, ఫోల్డర్లు మాత్రం రాలేదు. పెళ్లిళ్లూ పుట్టినరోజులూ అన్నీ అంకెల పేర్లతో ఒకే వరుసలో నిలబడ్డాయి. అక్కయ్య వాటిని ఒక్కొక్కటే తెరిచి చూస్తూ, చాలా ఫొటోలు రెండేసి ఉన్నాయని గమనించింది.

బావగారు కుర్చీలో నిటారుగా కూర్చున్నారు. "చూశారా? బ్యాకప్ కూడా వచ్చేసింది!"