మో గ్రీన్ గారి కన్ను

రెండు కళ్లలోనూ చుక్కలు వేసి, మూసుకుని కూర్చోమన్నారు. పది నిమిషాల్లో పిలుస్తామన్నారు. ఆస్పత్రి పది నిమిషాలంటే ఎంతో మీకు తెలియనిది కాదు. ఇంతలో జేబులో ఫోను. నేను తడుముకోవడం చూసి పక్కనున్న కుర్రాడు దాన్ని లాక్కుని, స్పీకరు ఆన్ చేసి, నా ఒళ్లో పెట్టాడు. నేనడిగానా?

మా బావ. రాత్రి గాడ్‌ఫాదర్ చూశాట్ట (1972 నాటిది, కార్లియోనీలనే మాఫియా కుటుంబం కథ; చిరంజీవిది కాదు). హలో కూడా లేదు.

"అన్యాయంగా మో గ్రీన్ కన్ను తీసేశారు బావా!"

మా బావ మామూలుగా మాట్లాడితేనే మూడో వీధికి వినపడుతుంది. హాలంతా గప్‌చుప్.

"మసాజ్ బల్ల మీద పడుకున్న మనిషిని! కళ్లజోడైనా తియ్యనివ్వలేదు!"

"బల్ల మీద పడుకోబెట్టాకా నాయనా?" అంది నా పక్కన ఓ పెద్దావిడ.

"సినిమాలో అండీ," అన్నాను. ఎవరికి వినపడిందీ!

"వాడి తప్పేముంది? లాస్ వెగాస్‌లో వాడి హోటలు, వాడి కాసినో. మైకేల్ న్యూయార్క్ నుంచి దిగి కొనేస్తానంటే, అమ్మను పొమ్మన్నాడు. అంతేగా?"

అంతే కాదు. ఈ విషయంలో నాకు ఖచ్చితమైన అభిప్రాయముంది. "అమ్మనన్నందుకు కాదు బావా. మైకేల్ అన్న ఫ్రెడోని పదిమందిలో చెంప వాయించాడు. పైగా కార్లియోనీల పని అయిపోయింది, బార్జీనీతో బేరం కుదుర్చుకుంటానని మైకేల్ మొహం మీదే అన్నాడు. పగవాడి పేరు చెప్పి బెదిరిస్తే వదుల్తారా?"

"డబ్బు దగ్గర తేడా వచ్చిందిట," పెద్దావిడ వెనక వరసకి అందించింది.

"సరే, మరి నిజం గ్యాంగ్‌స్టర్ బగ్సీ సీగెల్? ఈ పాత్రకి అసలు మనిషి వాడే కదా! 1946 డిసెంబరులో లాస్ వెగాస్‌లోనే ఫ్లెమింగో హోటల్ తెరిచాడు. 1947 జూన్‌లో బెవర్లీ హిల్స్‌లో సోఫాలో కూర్చున్నవాణ్ణి కిటికీలోంచి కాల్చేశారు. వాడికీ కన్నే పోయింది! ఎవరు చేశారో ఇప్పటికీ తేలలేదు!"

"నలభై ఏడు నుంచీ జరుగుతోందటే!" వెనక ఎవరో. సంచుల జిప్పులు, చెప్పుల చప్పుళ్లు. కళ్లు తెరిస్తే అంతా పాలనురగ. ఫోను కట్ చేద్దామంటే ఎర్ర బటన్ ఎక్కడుందో కనపడి చావదు. సాయం చేసిన కుర్రాడు మాత్రం ఇప్పుడు లేడు.

నా వంతెప్పుడని అడిగినప్పుడల్లా మాయమైపోయిన నర్సమ్మ, ఇప్పుడు మేనేజరుని వెంటబెట్టుకుని క్షణంలో ప్రత్యక్షమైంది.

"సార్, కంప్లయింట్ ఉంటే మాకు చెప్పాలి గానీ పేషెంట్లని భయపెడితే ఎలా?" మేనేజరు గొంతు మహా మెత్తగా ఉంది. "ఆ గ్రీన్ గారు మన ఏ బ్రాంచిలో చూపించుకున్నారు?"

"లాస్ వెగాస్!" నా ఒళ్లోంచి బావ.

"అక్కడ మనకి లేదే," అని కాసేపు ఆలోచించి, ఆయన నర్సమ్మ వైపు తిరిగాడు. "సార్‌కి ఇంకోసారి చుక్కలు వెయ్యమ్మా."