మూడేళ్ల గ్రాంటు, అయిదేళ్ల కప్ప

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో కోజియస్కో నేషనల్ పార్క్ ఉంది. చలికాలంలో మంచు కప్పేసే కొండలు. ఆ కొండల మీద నాచు పట్టిన చిత్తడి నేలల్లో సదరన్ కొరోబరీ అనే చిన్న కప్ప ఉంటుంది. ఉంటుంది అనే కన్నా ఉండేది అంటేనే నిజానికి దగ్గరగా ఉంటుందేమో. నల్లటి ఒంటి మీద నిగనిగలాడే పసుపు చారలు, సైజు మూడు సెంటీమీటర్ల లోపే. ఒంట్లోని విషాన్ని తిండి ద్వారా కాకుండా తనే తయారు చేసుకోగలగడం దీని ప్రత్యేకత. అడవిలో సహజంగా మిగిలినవి 50 లోపే అని అంచనా. మిగతావన్నీ జూలలోనూ, కొండల మీద కంచె వేసి కట్టిన ఆవరణల్లోనూ బతుకుతున్నాయి. 2019-20 కార్చిచ్చుల్లో ఆ ఆవరణల్లోనూ కొన్ని దెబ్బతిన్నాయి.

దీన్ని ఈ స్థితికి తెచ్చింది వేటగాళ్లు కాదు, కైట్రిడ్ అనే ఫంగస్. కప్పకు చర్మమంటే ఒంటి మీద కప్పుకున్న తోలు మాత్రమే కాదు. నీరు, లవణాలు అటూ ఇటూ వెళ్లేది దానిలోంచే. ఫంగస్ ఆ చర్మాన్ని పట్టుకుంటే ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది. ఈ జబ్బు సంగతి శాస్త్రవేత్తలకు తెలిసింది 1998లో. అప్పటికే కొరోబరీ కప్పలు పదేళ్లకు పైగా రాలిపోతున్నాయి. 2019లో వచ్చిన ఒక అంతర్జాతీయ లెక్క ప్రకారం ఈ ఫంగస్ వల్ల 501 ఉభయచర జాతులు తగ్గిపోయాయి, అందులో 90 పూర్తిగా అంతరించినట్టే. ఒకే జబ్బు ఇన్ని జాతుల్ని దెబ్బకొట్టడం వెన్నెముక ఉన్న జీవుల్లో ఇంకెక్కడా నమోదు కాలేదు.

మెల్‌బోర్న్, సిడ్నీ జూలు ఈ కప్పల్ని చక్కగానే పెంచుతున్నాయి. గుడ్లు పెట్టించి, వాటిని, పిల్లల్ని కొండల మీద వదులుతున్నాయి. చిక్కంతా ఆ తర్వాతే. అవే చిత్తడి నేలల్లో కామన్ ఈస్టర్న్ ఫ్రాగ్‌లెట్ అనే ఇంకో చిన్న కప్ప ఉంది. దానికి ఈ ఫంగస్ సోకినా పెద్దగా ఏమీ కాదు, హాయిగా మోసుకు తిరుగుతుంది. కొరోబరీ కప్పలు తగ్గిపోయినా ఫంగస్ తగ్గదన్నమాట. దాన్ని కొండంతా కడిగి పారేసే మందు లేదు. అంటే జూలో పుట్టిన ప్రతి తరాన్నీ మనం తీసుకెళ్లి అదే జబ్బు నోట్లో పెడుతున్నాం. జూల ఖర్చు తప్పు అనడం లేదు, అది లేకపోతే ఈ జాతే ఉండేది కాదు. కానీ అది అద్దె కట్టడం లాంటిది. ఎన్నేళ్లు కట్టినా ఇల్లు మనది కాదు, ఒక్క నెల మానేస్తే రోడ్డు మీదే.

అందుకే ఇప్పుడు కొందరు జన్యువుల వైపు చూస్తున్నారు. మెల్‌బోర్న్ యూనివర్సిటీకి చెందిన టిఫనీ కోష్, లీ స్కెరాట్ బృందం జూలో పెరిగిన కొరోబరీ కప్పలకు ఫంగస్ సోకించి గమనించింది. అన్నీ ఒకేలా చావలేదు. కొన్ని ఎక్కువ కాలం తట్టుకున్నాయి. రోగనిరోధక శక్తికి సంబంధించిన కొన్ని జన్యువుల్లోని తేడాలకీ దానికీ సంబంధం కనిపించింది. తర్వాత ఈ కప్ప జన్యుక్రమం మొత్తం చదివితే, అది మనిషి దానికి దాదాపు మూడు రెట్లని తేలింది. (ఎక్కువ భాగం అవే అక్షరాలు మళ్లీ మళ్లీ వచ్చే పునరుక్తే. సైజు చూసి కప్ప ముందు మనం చిన్నబోనక్కర్లేదు.) ఏ జన్యువులు తట్టుకునే బలం ఇస్తాయో కచ్చితంగా తెలిస్తే, అవి ఉన్న జంటల్ని ఎంచి కలపొచ్చు. మరీ అవసరమైతే జన్యు సవరణ దాకా వెళ్లొచ్చు.

తెలుగు రైతులకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. సాంబ మసూరికి ఎండాకు తెగులు పెద్ద బెడద. హైదరాబాద్‌లోని సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం), వరి పరిశోధన సంస్థ కలిసి ఆ తెగుల్ని తట్టుకునే మూడు జన్యువుల్ని మార్కర్ల (కావలసిన జన్యువు మొక్కలో ఉందో లేదో చెప్పే డీఎన్ఏ గుర్తుల) సాయంతో సాంబ మసూరిలోకి తెచ్చాయి. 2008లో ఆ వంగడం విడుదలైంది. గింజ సన్నదనం, రుచి అలాగే ఉన్నాయి.

కానీ వరికీ కప్పకీ మధ్య తేడా చూస్తేనే అసలు ఇబ్బంది తెలుస్తుంది. వరిలో ఒక్కో జన్యువు తెగుల్ని గట్టి దెబ్బ కొట్టగలదు. కప్పలో బహుశా ఎన్నో జన్యువులు తలా కొంచెం పనిచేస్తాయి. వరికి ఏడాదికి రెండు తరాలు తీయొచ్చు. కొరోబరీ కప్ప పెద్దదై జత కట్టాలంటే నాలుగైదేళ్లు పడుతుంది, పెట్టేది రెండు పదుల పైచిలుకు గుడ్లు. ఇక పరిశోధనకు డబ్బిచ్చే పద్ధతి చూడండి. గ్రాంట్లు సాధారణంగా మూడేళ్లవి. మొదటి ఏడాది మనుషుల్ని తీసుకోవడానికీ, అనుమతులకీ సరిపోతుంది. మూడో ఏడాది వచ్చేసరికి తర్వాతి ఉద్యోగం గురించి టెన్షన్. ఈ ఏడాది ఎంచి కలిపిన జంటకు పుట్టిన పిల్ల గుడ్లు పెట్టేలోపే గ్రాంటు అయిపోతుంది. రెండు తరాల ఫలితం చూడాలంటే పదేళ్లు. జన్యు పరిశోధన అంటే ఖరీదైన యంత్రాల పని అనుకుంటాం. నిజానికి జన్యుక్రమం చదివే ఖర్చు ఏటేటా తగ్గుతోంది. తగ్గనిది కప్ప వయసు. కాబట్టి నా వాదన ఇంకొంచెం డబ్బు పోయమని కాదు, అదే డబ్బును పదిహేనేళ్ల పాటు తెగకుండా ఇవ్వమని.

దీనికి గట్టి అభ్యంతరమే ఒకటి ఉంది. అమెరికాలోని కాలిఫోర్నియాలో యోసెమిటీ నేషనల్ పార్క్‌లో ల్యాబ్ జోక్యం లేకుండానే కప్పలు కోలుకున్నాయి కదా అంటారు. నిజమే. అక్కడి మౌంటెన్ యెల్లో లెగ్డ్ కప్పలు కైట్రిడ్ దెబ్బకు చచ్చి చచ్చి, కొన్నిచోట్ల తట్టుకునేవి మిగిలాయి. రోలండ్ నాప్ అనే శాస్త్రవేత్త బృందం 2006 నుంచి వాటిని కప్పలు పోయిన సరస్సుల్లోకి చేర్చుతూ వచ్చింది. చాలా చోట్ల నిలదొక్కుకున్నాయని 2024లో ప్రకటించింది. అయితే అక్కడ చావగా మిగలడానికి వేల కప్పలున్నాయి. కోజియస్కోలో ఆ అవకాశం దాటిపోయింది. పైగా నాప్ చూసింది దాదాపు పదిహేనేళ్ల ఫలితం. మూడేళ్లకే ఆపి ఉంటే చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

జన్యువుల మోజులో జూల డబ్బు, కంచెల డబ్బు అటు మళ్లించేస్తారన్న భయం మాత్రం నాకూ ఉంది. ఒకే నిధిని ఇద్దరికీ పంచమంటే అది కప్పల తక్కెడే అవుతుంది. జూలో కప్ప చచ్చిపోతే చదివిన జన్యుక్రమం కంప్యూటర్‌లో ఫైలుగా మిగులుతుంది, అంతే. తట్టుకునే నాలుగు జంటలనే పట్టుకుని వాటి సంతానాన్నే పెంచినా ప్రమాదమే. ఈ జబ్బుకు గట్టిపడి, రేపు వచ్చే ఇంకో జబ్బుకో ఎండకో కుప్పకూలొచ్చు.

ఇందులో మనకేం పని అనుకోవద్దు. ఈ ఫంగస్ మూలం కొరియా ద్వీపకల్పం చుట్టుపక్కలే అని 2018లో జన్యు ఆధారాలు చెప్పాయి. పడమటి కనుమల్లోని కప్పల్లోనూ ఇది దొరికింది. కానీ ఇక్కడ ఆస్ట్రేలియాలో లాగా కప్పలు గుట్టలుగా చచ్చిన దాఖలా లేదు. ఆసియా కప్పలకు తరతరాలుగా దీనితో కలిసి బతకడం అలవాటైందన్నది ఒక వివరణ. ఈ ఫంగస్‌లో ఆసియా రకాల్ని కూడా సరిగ్గా పట్టుకునే పరీక్షను సీసీఎంబీ శాస్త్రవేత్తలు తయారుచేశారు. మన కప్పలు ఎందుకు చావడం లేదో తెలిస్తే, కోజియస్కో కప్పకు కావలసిన జవాబులో ఒక ముక్క దొరకొచ్చు. దానికి కోట్లు అక్కర్లేదు. ఏటా వానాకాలంలో చిత్తడి నేలలకు వెళ్లి, కప్ప ఒంటి మీద దూదిపుల్ల రుద్ది, ఆ నమూనాల్ని జాగ్రత్తగా దాచే నలుగురికి జీతం ఆగకుండా వస్తే చాలు.