ఇంతకీ తలుపు తట్టింది ఎవరండీ?

మొన్న ఆదివారం నా కథ ఒకటి అచ్చయింది. తర్వాత జరిగిన గొడవకంతటికీ బాధ్యుణ్ణి నేనే కాబట్టి ఈ వివరణ.

కథ చిన్నది. ఇల్లొదిలి పోయిన కొడుకు కోసం పదేళ్ళుగా ఎదురుచూస్తున్న తల్లి. ఒక రాత్రి తలుపు చప్పుడవుతుంది. ఆవిడ లేచి, గడియ తీయకుండా, ముందు పొయ్యి మీద ఎసరు పెడుతుంది. అయిపోయింది.

అయిపోయిందని నేననుకున్నాను. పొద్దున్న ఏడున్నరకే మొదటి ఫోన్. "కథ చాలా బాగుందండీ. ఇంతకీ తలుపు తట్టింది ఎవరండీ?" తెలీదండీ అన్నాను. "అదేంటండీ, రాసింది మీరేగా?" మధ్యాహ్నానికి పదకొండు ఫోన్లు. ఒకాయనైతే "నాకొక్కడికే చెప్పండి, ఎవరికీ చెప్పను" అని ఒట్టేశాడు.

సాయంత్రం సభలో ముందు వరుస రిటైర్డ్ ఇంజనీరు గారు ఎర్ర పెన్నుతో గీసిన నా కథ పట్టుకుని లేచారు. గాలికి కొట్టుకుందనడానికి వీల్లేదట, రెండో పేరాలో గడియ వేసినట్టు రాశానట. కుక్క కావచ్చన్నారు పక్కాయన. "కుక్కయితే గీకుతుంది, తట్టదు." మాటా మాటా పెరిగింది. టీ వచ్చేలోగా తేల్చేయాలని చేతులెత్తించారు. కొడుక్కి 14, గాలికి 6, కుక్కకి 2. అధ్యక్షులవారు తటస్థం. కొడుకు భారీ మెజారిటీతో ఇంటికొచ్చినట్టు ప్రకటించి, నాకు శాలువా కప్పారు. ఎసరు ఊసు మాత్రం ఎవరూ ఎత్తలేదు.

ఇకమీదట ప్రతి కథకీ చివర స్టాంపు కాగితం జతచేస్తాను. తలుపు తట్టినది ఫలానా వారి కుమారుడే గానీ గాలి, కుక్క వగైరా కావని ఇందుమూలంగా ధృవీకరిస్తూ, ఇద్దరు సాక్షుల సంతకాలతో.

చందమామ చదివి పెరిగినవాళ్ళమే కదా మనం! భేతాళుడు కథ చెప్పి, ప్రశ్న కూడా తనే వేసేవాడు. జవాబు చెప్పాల్సింది విన్నవాడు. తెలిసీ చెప్పకపోతే పగిలేది వాడి తలే. ఇప్పుడు పాఠకుడు నా భుజమెక్కి కూర్చుని ప్రశ్నలేస్తున్నాడు, తల మాత్రం నాది. పోనీ చెబుదామా? విక్రమార్కుడు నోరు విప్పగానే ఏమయ్యేదో గుర్తుందిగా, శవం మళ్ళీ చెట్టెక్కేది.

16వ శతాబ్దంలో పింగళి సూరన రాఘవపాండవీయం రాశాడు. అదే పద్యం ఇటు చదివితే రామాయణం, అటు చదివితే భారతం. ఇవాళైతే "ఇంతకీ రాముడా, ధర్మరాజా? క్లారిటీ ఇవ్వండి" అని ఆయన ప్రాణం తోడేసేవాళ్ళు.

నవ్వులాటకి ఇంతవరకే. మా పక్కింట్లో తొమ్మిదో తరగతి పిల్ల ఉంది. పరీక్షలో "ఈ కథలోని నీతి ఏమిటి?" అనడిగితే, ఇలాగైనా అనుకోవచ్చు, అలాగైనా అనుకోవచ్చు అని రెండూ రాసింది. నాలుగు మార్కులకి సున్నా. పక్కన ఎర్ర సిరాతో "గైడ్ చూసి రాయాలి". ఎవడండీ ఆ గైడు రాసినవాడు? పద్నాలుగేళ్ళ పిల్ల కథని రెండు వైపుల నుంచీ చూసిందంటే ఎత్తుకుని ముద్దాడాల్సింది పోయి సున్నా చుడతారా? సిగ్గులేదూ? ఆ ఇంజనీరు గారి చేతిలో ఎర్ర పెన్ను పెట్టింది కూడా ఇలాంటి బడే.

ఆ పిల్ల నా కథా చదివింది. నిన్న మెట్ల దగ్గర ఆపింది.

"అంకుల్, ఆవిడ ఎసరు ఒక్కరికి పెట్టిందా, ఇద్దరికా?"

నేను అది ఆలోచించనే లేదు. ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి అడిగాను, ఎసరు చూస్తే ఎంతమందికో తెలుస్తుందా అని.

"తెలీకపోవడమేంటి?" అంది.