సవరణ: డబ్బాలన్నీ స్టెరాయిడ్లు కావు

"జిమ్‌లో చేతికిచ్చేది ఏదీ మింగొద్దు" అని మొన్న పెట్టిన పోస్టు చదివి, గుంటూరు బ్రాడీపేటలో ఒకమ్మ వాళ్లబ్బాయి వే ప్రోటీన్ డబ్బా చెత్తలో పడేశారట. అందుకే ఈ వివరణ.

వే అంటే పాలు విరిచినప్పుడు మిగిలే తేట; అందులోని మాంసకృత్తులే ఆ పొడి. క్రియాటిన్ మాంసం, చేపల్లో ఉండేదే, రోజుకు 3 నుంచి 5 గ్రాములు వాడతారు. ఈ రెండూ డోపింగ్ నిరోధక సంస్థ వాడా నిషేధిత జాబితాలో లేవు. సీలు, ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (కేంద్ర ఆహార భద్రతా సంస్థ) నంబరు చూసి కొనండి. కిడ్నీ జబ్బు ఉంటే ముందు డాక్టర్ని అడగండి.

నేను వద్దన్నది లేబుల్ లేని మాత్రలు, "సైకిల్" పేరుతో కొన్ని వారాల కోర్సుగా పొడిచే స్టెరాయిడ్ ఇంజెక్షన్లు. మగ హార్మోన్ టెస్టోస్టెరాన్‌ని బయటి నుంచి ఎక్కిస్తే ఒళ్లు సొంతంగా తయారుచేయడం తగ్గించేస్తుంది. వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు పడిపోతాయి. మంచి కొలెస్ట్రాల్ తగ్గుతుంది, గుండె గోడలు మందమెక్కవచ్చు. ఇవేవీ చెప్పకుండా ఇరవై ఏళ్ల పిల్లలకు సూది వేయడం దారుణం.

ఇంకొకటి. "టెస్టులో పాసైతే నేచురల్" (అంటే స్టెరాయిడ్లు వాడనివాడు) అన్న వాక్యాన్ని ఇలా చదవండి: "పోటీ రోజు తీసిన యూరిన్‌లో ఏమీ దొరకలేదు." కొన్ని మాత్రలు ముందుగానే ఆపేస్తే ఆ రోజుకు బయటపడకపోవచ్చు. అందుకే పోటీలు లేనప్పుడు కూడా చెప్పాపెట్టకుండా వచ్చి శాంపిల్ తీసుకునే పద్ధతి ఉంది. విజయవాడలో నేచురల్ అంటూ పోటీలు పెట్టేవాళ్లు ఏ టెస్టు, ఎప్పుడు, ఎంతమందికి చేశారో పోస్టర్ మీదే వేయాలి.